34 గంటల మంగళవారం



మొన్న సంఘం భోజనాల దగ్గర ముగ్గురు అడిగారు, "అమెరికా టికెట్లు తీశారటగా, ఎటు నుంచి తీశారు?" అని. చేతిలో విస్తరి పట్టుకుని చెబితే తేలే సంగతి కాదు, రాసి పెడతాం అన్నాం. పొడుగు పోస్టే. పిల్లలు బయట ఉన్నవాళ్లు ఓపిగ్గా చదవండి, మిగతావాళ్లు దాటేసినా ఏమీ అనుకోం.

మా అమ్మాయి ఉండేది కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అనే ఊళ్లో. అల్లుడు గారి ఉద్యోగం విమానాల విడిభాగాల ఫ్యాక్టరీలో. ఆ ఊరికి విమానాల రాజధాని అని పేరు. పేరుకు రాజధానే గాని మన దేశం నుంచి అక్కడికి నేరుగా పోయే విమానం ఒక్కటీ లేదు. ఇక బరంపురం నుంచి అంటే ముందు సికింద్రాబాదుకు రైలు, తర్వాత మూడు విమానాలు: హైదరాబాదు నుంచి దోహా, దోహా నుంచి డాలస్, డాలస్ నుంచి విచిటా. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. డాక్టరమ్మ చెప్పిన తేదీకి 12 రోజుల ముందు మేము అక్కడ దిగాలి.

మా ఇద్దరిలో ఒకరికి షుగరు ఉంది, ఇన్సులిన్ మీద ఉన్నారు. ఎవరికో రాయొద్దని ఇంట్లో ఆజ్ఞ. తెలిసినవాళ్లు కామెంట్లలో పెట్టకండి.

2018లో మొదటిసారి వెళ్లినప్పుడు చేసిన తెలివితక్కువ పని ముందు చెప్పాలి. విడివిడిగా రెండు టికెట్లు కొంటే 22 వేలు తగ్గుతుందని ఎవరో అంటే కొనేశాం. మొదటి విమానం గంటన్నర ఆలస్యం. రెండో విమానం వాళ్లకు మేము ఆలస్యంగా వచ్చిన ప్రయాణికులం కాదు, అసలు రాని ప్రయాణికులం! రెండు టికెట్లకూ సంబంధం లేదు కదా. పెట్టెలు కూడా నేరుగా ముందుకు పోవు, బయటికి వచ్చి తీసుకుని మళ్లీ ఇవ్వాలి. బయటికి రావాలంటే ఆ దేశం వీసా కావాలి. అది మా దగ్గర లేదు. ఏదో ఒకటి చేయకపోతారా అని ఆ పెద్ద విమానాశ్రయంలో ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తాం. గేటు మూసేశారు. అక్కడే మాలో ఒకరికి చెమటలు పట్టి, మాట తడబడి, కూలబడిపోయారు. షుగరు పడిపోయింది. గ్లూకోజు బిళ్లలేమో పెట్టెలో ఉన్నాయి, పెట్టె ఎక్కడుందో దేవుడికే తెలియాలి. నేల తుడుస్తున్న ఒక మలయాళీ అమ్మాయి తన సంచిలోంచి ఖర్జూరాలు తీసి నోట్లో పెట్టింది. పేరు కూడా అడగలేదు మేము. ఆ 22 వేలకు మూడింతలు పెట్టి కొత్త టికెట్లు కొన్నాం. డబ్బు సంగతి ఎప్పుడో మరిచిపోయాం గాని ఆ పావుగంట మరిచిపోలేదు.

అందుకని ఈసారి మూడు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాల్సిందే అన్నాం. ఒకే టికెట్టయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే, తర్వాత దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లది.

అమ్మాయి రెండు దారులు పంపింది. ఒకదాంట్లో దోహాలో గంటా 35 నిమిషాలు, డాలస్‌లో 2 గంటలు ఆగాలి. రెండోదాంట్లో దోహాలో 4 గంటలు, డాలస్‌లో నాలుగున్నర. దీనికి మనిషికి 9 వేలు ఎక్కువ.

"నాన్నా, అన్ని గంటలు అమ్మను కుర్చీల్లో కూర్చోబెడతారా?" అంది. 

"కూర్చుంటాం తల్లీ. పరుగెత్తలేం" అన్నాం ఇద్దరం ఒకేసారి.

డాలస్‌లో నాలుగున్నర గంటలు ఎందుకో తెలియనివాళ్లకు చెబుతున్నాం. అమెరికాలో మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్. మన చివరి ఊరు ఏదైనా సరే. అక్కడే పెట్టెలు తీసుకోవాలి, కస్టమ్స్ దాటాలి, పెట్టెలు మళ్లీ అప్పగించాలి, మళ్లీ సెక్యూరిటీ. ఆ తర్వాతే లోపలి రైలు ఎక్కి ఇంకో టెర్మినల్‌కు పోవడం. లైను ఒక రోజు అరగంట, ఒక రోజు రెండు గంటలు. అది ఎవరి చేతిలోనూ లేదు.

వీల్‌చైర్ విషయంలో మాకు చాలాకాలం మొహమాటం. నడవగలిగినవాళ్లం కదా, ఎవరైనా చూస్తే? ఈసారి మోకాళ్లే తీర్పు చెప్పాయి. మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు అనేవాళ్లకు కూడా ఇస్తారు. టికెట్టు తీసేటప్పుడే అడగాలి, వెళ్లే ముందు ఫోను చేసి నమోదయిందో లేదో చూసుకోవాలి. లైను తప్పించుకోవడానికే అడిగేవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్ల వల్ల నిజంగా కావలసినవాళ్లకు కుర్చీ దొరకడం లేదు. కోపం వస్తే రానివ్వండి.

ఇప్పుడు అసలు లెక్క. మంగళవారం తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాదులో విమానం. అంటే సోమవారం రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. ఈ తేదీ దగ్గర పొరబడి ఒక రోజు ఆలస్యంగా పెట్టె సర్దుకున్నవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. దోహా మనకంటే రెండున్నర గంటలు వెనక. వేసవిలో డాలస్ పదిన్నర గంటలు వెనక. సూర్యుడి వెంట పడమటికి పోతుంటాం కాబట్టి రోజు సాగుతూనే ఉంటుంది. విచిటాలో దిగేసరికి అక్కడ రాత్రి 11:45, ఇంకా మంగళవారమే! మన గడియారంలో బుధవారం ఉదయం 10:15. తెల్లవారి ఎక్కిన లగాయతు 30 గంటల పావు. ఆ మంగళవారం మొత్తం పొడవు 34 గంటల పైచిలుకు.

మరి ఇన్సులిన్ ఎప్పుడు? అక్కడి రాత్రికా, ఇక్కడి రాత్రికా? మన ఊరి డాక్టరు గారి దగ్గర విమానాల వేళలు పెట్టి కూర్చున్నాం. ఆయన భారత సమయం ప్రకారం ఒక కాగితం రాసిచ్చారు, ఎప్పుడు ఎంత, అక్కడికి చేరాక ఎలా మార్చుకోవాలి అని. ఎవరి కాగితం వాళ్లకే, మాది చూసి మీరు వేసుకోకండి. ఒక చేతి గడియారం ఇంటి సమయం మీదే ఉంచుతున్నాం. ఇన్సులిన్ పెట్టెలో వేయకూడదు, విమానం కింద చలికి గడ్డకడితే పాడవుతుంది. చేతి సంచిలోనే, చీటీతో సహా. గ్లూకోజు బిళ్లలు ఇద్దరి జేబుల్లోనూ. భోజనం ఆలస్యమైతే తినడానికి ముఢీ పొట్లం.

పెద్దమ్మ అభ్యంతరం వేరు. "మంగళవారం ప్రయాణమేమిట్రా?" అని. ఆదివారం సాయంత్రమే రైలెక్కుతున్నాం పెద్దమ్మా అన్నా వినలేదు. మంచి వేళ చూసి ఒక సంచి పక్కింటి ఒడియా వాళ్ల వరండాలో ప్రస్థానం పెట్టించింది. వాళ్లావిడ మా సంచి పక్కన కొబ్బరికాయ పెట్టి దణ్ణం పెట్టింది. రైలు ఆలస్యమైనా సర్దుకోవడానికి సోమవారం పగలంతా సికింద్రాబాదులో పిన్ని కొడుకు ఇంట్లో ఉంటాం.

సామాను మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. బరంపురం వాళ్లం, అప్పడాలూ ఆవకాయా లేకుండా ఎలా పోతాం? ఆవకాయ చేతి సంచిలో పెట్టుకుంటే ద్రవం కింద లెక్కకట్టి తీసేస్తారు, పెద్ద పెట్టెలోనే పెట్టండి. అమెరికాలో తిండి పదార్థాలున్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి, దాచారో జరిమానా. మాంసం పచ్చళ్లు వద్దు. గసగసాలు అసలే వద్దు, గల్ఫ్‌లో కొన్ని దేశాల్లో అవి మత్తుపదార్థం కింద లెక్క.

నిన్న రాత్రి నాలుగో పెట్టె తూచాం. 23 కిలోల 600 గ్రాములు. అందులో ఉన్నవి అప్పడాలు, ఆవకాయ, బిడ్డకు పొత్తిగుడ్డలకని నాలుగేళ్లుగా ఉతికి మెత్తబరిచిన మూడు నూలు చీరలు. అమ్మాయికి ఫోను చేసి ఏది తీయమంటావు అని అడిగాం. అప్పడాలు తీసెయ్యండి అంది. కాసేపాగి, సగమే తీయండి అంది.