రెండో రింగు

మా ఆఫీసులో అకౌంట్స్ చూసే ఆవిడ పోయిన నెల ఫోన్ బిల్లు పట్టుకొచ్చి, ఒక నంబరు కింద పసుప్పచ్చ గీత గీసి అడిగింది. "ఇండియాలో ఈ క్లయింటు ఎవరు? ఒక్క కాలే 47 నిమిషాలుంది!"

తెనాలిలో ఉండే ఆ క్లయింటు మా అమ్మ. 47 నిమిషాల్లో సగం పైగా మునగచెట్టు గురించే. కొమ్మ పక్కింటి గోడ మీదికి వాలింది, కాయలు ఎవరివి?

న్యూజెర్సీ వచ్చిన కొత్తలో రెండు జేబుల్లో రెండు ఫోన్లు మోసేవాణ్ణి. రెండేళ్ల కిందట విసిగిపోయి, ఆఫీసు లైనూ ఇంటి లైనూ ఒకే ఫోన్లోకి ఈసిమ్‌లుగా ఎక్కించుకున్నాను. 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకుని ఇక్కడ అమ్మే కొత్త ఐఫోన్ మోడళ్లకి సిమ్ పెట్టే అరే లేదు. అందుకని బ్యాంకు ఓటీపీల కోసం రీచార్జ్ చేసి బతికించుకుంటున్న ఇండియా సిమ్ పాత ఫోన్లోనే ఉండి, సొరుగులో పడుకుంది. ఒకటే ఫోన్ అని గొప్పగా చెప్పుకోవడమేగానీ, లెక్క చూస్తే మళ్లీ రెండే.

అమ్మది బటన్ల ఫోను. రెండు రింగులిచ్చి పెట్టేస్తుంది, తిరిగి నేను చేయాలి. ఒకసారి తొందరలో ఆఫీసు లైను మీంచి చేశాను. ఎవరికి చివరిసారి ఏ లైను మీద చేశామో ఈ ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది. అప్పట్నుంచి అమ్మ పేరు నొక్కితే ఆఫీసు లైను మీంచే వెళ్తోంది. నేను చూసుకోలేదు. అమ్మ చూసుకుంది. కొత్త నంబర్ని పక్కింటి కుర్రాడి చేత సేవ్ చేయించుకుంది కూడా (గోడ గొడవ ఉన్న పక్కిల్లే).

నవంబర్లో ఇక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఇండియాకీ మాకూ పదిన్నర గంటల తేడా. అమ్మ అన్నం తిని ఫోన్ చేతిలోకి తీసుకునే రాత్రి ఎనిమిదంటే మాకు పొద్దున్న తొమ్మిదిన్నర, టీమ్ మీటింగ్ వేళ. ఒకరోజు సరిగ్గా అప్పుడే ఆఫీసు లైను మోగింది. పేరు చూడకుండా ఎత్తి, గొంతు సవరించుకుని, ఇంగ్లిష్‌లో కంపెనీ పేరూ నా పేరూ గడగడా చెప్పేశాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత జంకుతూ అమ్మ గొంతు. "ఏవండీ, మా అబ్బాయి ఉన్నాడాండీ?"

"నేనేనమ్మా!"

"నువ్వా! ఎవరో దొరగారనుకున్నా."

బిల్లు గొడవయ్యాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి అమ్మ పేరుకి ఇంటి లైను తగిలించాను. ఆ ఆదివారం నెమ్మదిగా చెప్పాను. "ఆ రెండో నంబరు తీసేయించమ్మా, అది ఆఫీసుది."

"తీయించను. ఇంటి నంబరుకి చేస్తే మర్నాటికి గానీ చేయవు. దీనికైతే రెండో రింగుకే ఎత్తుతున్నావు."

"ఎత్తితే నీ బాలెన్స్ పోతుంది కదమ్మా!"

"పోతే పోనీరా."