కట్టులో ఉన్నది తెప్ప

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో నిలబడితే ఒకవంక డాల్ఫిన్స్ నోస్ కొండా, ఎదుట బారులు తీరిన మరపడవలూ కనిపిస్తవి. పడవ లోపల బోలుగా ఉంటుంది గనుక అందులోకి నీరు చేరితే ప్రమాదం. కాని ఈ తీరపు జాలరులు తరతరాలుగా బోలే లేని తెప్ప మీద వేటకు వెళ్ళారు.

తేలిక కర్ర దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి, తాళ్ళతో బిగించి కడితే తెప్ప అవుతుంది. అల మీదపడినా నీరు దుంగల సందుల్లోంచి జారిపోతుంది. తోడే పనే లేదు! వేట ముగిశాక కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. లేకుంటే కర్ర నీరు పీల్చి బరువెక్కుతుంది. వేటకు బయలుదేరేముందు మళ్ళీ కట్టవలసిందే. ముడి వదులైతే నడిసముద్రంలో దుంగలు విడిపోతవి. ఇక మనిషి గతి ఏమిటి? తమిళులు దీనిని కట్టుమరం అంటారు. ఇంగ్లీషులోని కేటమరాన్ అనే మాట అందులోంచి పుట్టినదే.

ఇప్పుడు ఫైబరు తెప్పలు వచ్చి కర్ర తెప్పలు అరుదైనవి. అయినా దాని కిటుకు మీరే చేసి చూడవచ్చు. నీళ్ళ తొట్టిలో ఒక గుండ్రని పుల్ల వేసి, దానిమీద చిన్న గులకరాయి పెట్టండి. పుల్ల దొర్లి, రాయి మునుగుతుంది. అటువంటి పుల్లలు నాలుగు దారంతో కట్టి మళ్ళీ పెట్టండి. రాయి నిలిచిందా? ఇక చేత్తో నీటిని కదిలించి అలలు లేపండి. మీ ముడి ఎంతసేపు ఆగుతుందో లెక్కపెట్టండి!