శత్రువు లేని ఆకాశం

పటాన్‌చెరులో రాత్రి ఆకాశం నల్లగా ఉండదు. కార్ఖానాల దీపాలు సోకి ఇటుకరంగుగా మెరుస్తూ ఉంటుంది. నక్షత్రాలు చూడవలెనంటే సంగారెడ్డి దాటి మంజీర వైపు పోవాలి. అంత తీరిక చిక్కని రాత్రులలో నేను ‘నాక్టిస్’ తెరుస్తాను. మిత్రులలో ఎందరు ఈ ఆట పేరు విన్నారో!

ఇటలీకి చెందిన అలెస్సాండ్రో గిన్యోలా 2000 ప్రాంతంలో డాస్ కోసం వ్రాసిన ఆట ఇది. ఉచితం, నేటి కంప్యూటర్లలో డాస్‌బాక్స్ సాయంతో నడుస్తుంది. బొమ్మలు ముతక, మీటలు చిక్కు. మొదటి అరగంట ఓర్చుకోండి.

ఇందులో శత్రువు లేడు, గెలుపూ లేదు. ఫెల్టిరియన్ అనే ఊహా నక్షత్రవీధిలో కోటానుకోట్ల సూర్యులున్నారు. గట్టి నేల గల గ్రహం కనబడితే దిగి నడవవచ్చు, సూర్యాస్తమయం దాకా నిలబడి చూడవచ్చు. నౌకలో లిథియం నిండుకుంటే సాయం కోరాలి. అంతకు మించిన గండం లేదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడవేసినది నామకరణం. చూసిన గ్రహానికి పేరు పెట్టి, నాలుగు మాటలు వ్రాసి ఉంచవచ్చు. ఎక్కడెక్కడి ఆటగాళ్ళో పంపిన ఇటువంటి వ్రాతలతోనే ఉమ్మడి సూచిక ఒకటి పెరిగింది. నీరూ పచ్చికా ఉన్న ఒక చిన్న గ్రహానికి నేను ‘నక్కవాగు’ అని పేరు పెట్టాను. మా ప్రాంతపు పరిశ్రమల మురుగును ఏళ్ళ తరబడి మంజీరలోకి మోసిన వాగు పేరది. ఈ ఆటకు తెలుగు లిపి తెలియదు గనుక రోమను అక్షరాలలోనే వ్రాయవలసివచ్చింది. దాని కింద నేను చేర్చిన వివరం ఒక్కటే: నీరు తేటగా ఉన్నది.