చియుంగ్ చౌ: మిషనరీల కొండ, జాలరుల రేవు

హాంకాంగ్ సెంట్రల్‌లోని 5వ నంబరు రేవులో మామూలు ఫెర్రీ ఎక్కితే గంటలో చియుంగ్ చౌ చేరతాం. తొందరపడేవాళ్లకు వేగం పడవలున్నాయి, 40 నిమిషాల్లోపే దింపేస్తాయి. హాంకాంగ్ దీవికి నైరుతిగా 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ దీవి మొత్తం రెండున్నర చదరపు కిలోమీటర్లు. జనం సుమారు 20 వేలు. ఉత్తరాన ఒక కొండ, దక్షిణాన ఇంకో కొండ, నడుమ సన్నటి ఇసుక నేల. పైనుంచి చూస్తే అచ్చం డమరుకమే. ఊరంతా ఆ సన్నటి నడుము మీదే ఇరుక్కుని ఉంటుంది. పడమటి వైపు పడవల రేవు, తూర్పున తుంగ్ వాన్ బీచి. ఒక సముద్రం దగ్గర దిగి, ఇళ్ల మధ్య సందుల్లోంచి కాసేపు నడిస్తే ఇంకో సముద్రం ఎదురవుతుంది.

ఇక్కడ కార్లు లేవు. సైకిళ్లు, తోపుడు బళ్లు, సరుకులు మోసే బుల్లి మోటారు బళ్లు, అంతే. ఆ సందుల్లో పట్టేలా అంబులెన్సూ ఫైరింజనూ కూడా చిన్నవే చేయించారు.

ఈ దీవి దక్షిణపు కొండకు ఒక పాత కథ ఉంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో దక్షిణ చైనాలో, ముఖ్యంగా కాంటన్ నగరం చుట్టుపక్కల, బడులూ ఆస్పత్రులూ చర్చిలూ నడిపిన అమెరికన్, బ్రిటిష్ మిషనరీలు వేసవిలో కొన్నాళ్లు తెరిపిన పడడానికి ఇక్కడికి వచ్చేవారు. భార్యాభర్తలు పిల్లల్ని వెంటబెట్టుకుని, కాంటన్‌లో రాత్రి స్టీమరెక్కి ముత్యాల నది మీదుగా హాంకాంగ్ దిగి, అక్కడినుంచి చిన్న లాంచీలో దీవికి చేరేవారు. స్వదేశానికి వెళ్లే పెద్ద సెలవు ఏళ్ల తరబడి కొలువు చేశాకగానీ రాదు. ఈలోగా ఉక్కపోత, మలేరియా, కలరా. పరాయి గడ్డ మీద బిడ్డల్ని పాతిపెట్టిన దంపతులు ఆ రోజుల్లో తక్కువేం కాదు. అందుకే మిషన్ బోర్డులు వేసవి విడిదిని విలాసంగా చూడలేదు. మనిషిని ఇంకో ఏడాది పనిలో నిలబెట్టే మందుగానే లెక్కగట్టాయి. చైనాలో కులింగ్, బెయ్‌డయ్‌హ, జపాన్‌లో కరుయిజవా వేసవి విడిదులుగా పెరగడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. మధురై నుంచి అమెరికన్ మిషనరీలు 1845లో కొడైకెనాల్ కొండెక్కిందీ ఇందుకే. మన తెలుగు జిల్లాల్లో పనిచేసిన దొరలూ దొరసానులూ ఎండలు ముదరగానే కొడైకో నీలగిరులకో పెట్టేబేడా సర్దుకునేవారు.

చియుంగ్ చౌలో వాళ్లకు దొరికింది సముద్రపు గాలి, ఈతకు రేవులు, తమ భాష మాట్లాడే ఇరుగుపొరుగు. కొండ మీద ఒక్కొక్కటిగా బంగళాలు లేచాయి. ఇంతవరకూ పేచీ లేదు. అలసిన మనిషి నాలుగు రోజులు సముద్రం పక్కన పడుకుంటే తప్పుపట్టేదెవరు?

పేచీ 1919లో మొదలైంది. ఆ ఏడాది హాంకాంగ్‌లోని బ్రిటిష్ ప్రభుత్వం చియుంగ్ చౌ నివాస చట్టం తెచ్చింది. గవర్నర్ అనుమతి లేకుండా దీవి దక్షిణ భాగంలో కాపురం పెట్టడానికి వీల్లేదు. ఆ కొండను పాశ్చాత్యుల విడిదిగా మిగల్చడానికే ఈ ఏర్పాటు. హాంకాంగ్ దీవి మీది పీక్ కొండను తెల్లవాళ్లకు అట్టేపెట్టడం 1904 నుంచీ ఉన్నదే. ఇప్పుడు అదే పద్ధతి జాలరుల దీవికీ పాకింది. శాసనసభలో ఉన్న చైనీయ సభ్యులు లావ్ చూ పాక్, హో ఫుక్ ఇద్దరూ బిల్లును వ్యతిరేకించారు. అప్పుడే ముగిసిన ప్రపంచ యుద్ధాన్ని అన్ని జాతులవాళ్లూ కలిసి గెలిచాక జాతిని బట్టి చట్టం చేయడమేమిటన్నది హో ఫుక్ అభ్యంతరం. ఇద్దరి ఓట్లతో బిల్లు ఆగదు కదా, నెగ్గింది.

అందరూ ఒక్క తండ్రి బిడ్డలేనని ఆదివారం చెప్పేవాళ్లు, ఆ బిడ్డల్లో కొందరు అడుగుపెట్టి కాపురం ఉండలేని కొండ మీద వేసవి గడిపారు. ఆ దంపతుల్లో ఎవరి మనసులో ఏముందో మనం తేల్చలేం. అందరినీ ఒకే గాటన కట్టడమూ న్యాయం కాదు. కానీ చట్టం కల్పించిన సుఖం మాత్రం అందరికీ సమానంగానే అందింది.

కొండ కింద ఊరు మాత్రం ఈ గొడవ పట్టనట్టు తన పని తాను చూసుకుంది. పుట్టుక నుంచి చావు దాకా పడవల్లోనే బతికిన తాంకా జాలరులు, ఉప్పు చేపలు ఎండబెట్టేవాళ్లు, రొయ్యల ముద్ద నూరేవాళ్లు. వాళ్లకు కొండంత అండ పాక్ తాయ్ దేవుడు. ఉత్తర దిక్కుకు అధిపతి, తుఫానుల నుంచి కాచేవాడు. 1783లో కట్టిన ఆయన గుడి ఊరికి ఉత్తరాన ఉంది. ఒకప్పుడు ఊరిని మహమ్మారి పట్టుకుంటే ఈ దేవుణ్ణి వీధుల్లో ఊరేగించాకే అది వదిలిందట. ఆ ఊరేగింపే చాంద్రమానం నాలుగో నెలలో వచ్చే బన్నుల జాతర అయింది. మన గ్రామదేవతల కొలుపులు తెలిసినవాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే, ఇక్కడ కోళ్లూ మేకలూ తెగవు. ఆనవాయితీ ప్రకారం జాతర రోజుల్లో దీవి మాంసమే మానేస్తుంది, చేపల మీద బతికే ఊరు శాకాహారి అవుతుంది. పురాణ వేషాలు, ఈనాటి రాజకీయ నాయకుల వేషాలు కూడా వేసిన పసిపిల్లల్ని కనిపించని ఇనుప కమ్మీల మీద నిలబెట్టి, గాలిలో తేలుతున్నట్టు ఊరేగిస్తారు.

గుడి ముందు బన్నులు కప్పిన గోపురాలు నిలుపుతారు. అర్ధరాత్రి కుర్రాళ్లు వాటి మీదికి ఎగబాకి, ఎంత పైనున్న బన్ను లాగితే అంత అదృష్టమని పోటీపడేవారు. 1978లో ఒక గోపురం కూలి జనం గాయపడడంతో ప్రభుత్వం ఆ పోటీ ఆపించింది. 2005లో మళ్లీ మొదలైంది, ఉక్కు చట్రంతో, నడుముకు తాళ్లతో, ముందే శిక్షణ పొందిన పోటీదారులతో. ఇప్పుడు లాగేవి ప్లాస్టిక్ బన్నులు. ప్రాణాలు దక్కాయి గనుక సణగకూడదు గానీ, ప్లాస్టిక్ బన్నులో అదృష్టం ఎంతుంటుందో పాక్ తాయ్‌నే అడగాలి.

నివాస చట్టాన్ని 1946లో రద్దు చేశారు. ఆ తర్వాత మూడేళ్లకే చైనాలో కమ్యూనిస్టులు గెలిచారు, మిషనరీలు వెనుదిరిగారు. అప్పుడే, 1949లో, గ్వాంగ్‌శీ ప్రాంతపు ఉజౌలో 1899 నుంచి నడుస్తున్న అలయన్స్ బైబిల్ సెమినరీ ఈ దీవికి తరలివచ్చింది. ఈనాటికీ దక్షిణపు కొండ మీది పీక్ రోడ్డులోనే ఉంది. అందులో చదివేదీ చదువు చెప్పేదీ ప్రధానంగా చైనీయులే. జెస్యూట్ల ధ్యాన మందిరమూ ఈ దీవి మీదే ఉంది.

చేపల వేట మాత్రం తగ్గుముఖం పట్టింది. హాంకాంగ్ జలాల్లో ట్రాలర్ల వేటను 2012 చివర్లో నిషేధించారు. ఊరి కొత్త గర్వం లీ లై షాన్. ఈ దీవి తీరంలోనే విండ్‌సర్ఫింగ్ నేర్చి, 1996 అట్లాంటాలో హాంకాంగ్‌కు మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చిందామె, అదీ స్వర్ణం.

వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆదివారం వద్దు, నగరమంతా చేప బంతులు కొరుక్కుంటూ ఇక్కడే ఉంటుంది. మామూలు రోజున పొద్దున్నే దిగి ముందు రేవు, సంత, పాక్ తాయ్ గుడి చూడండి. ఎండ చల్లబడ్డాక దక్షిణపు కొండ ఎక్కవచ్చు, ఇప్పుడు దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.