మా ముత్తాత పతకం

హైదరాబాదు నగరంలో గుర్రాలు పోయాయి గాని వాటి పేర్లు మాత్రం పోలేదు. మాసబ్ ట్యాంక్ దగ్గర దిగి ఎవరి నడిగినా ‘ఫస్ట్ లాన్సర్’కు దారి చూపిస్తారు. లాన్సరంటే ఈటె పట్టిన రౌతు అని ఆ చూపించినవారికి తెలియాలని లేదు. ఆ చేరువలోనే ఏ.సి. గార్డ్స్ ఉన్నది. చల్లగాలి యంత్రాలకూ ఆ పేటకూ ఏదో సంబంధం ఉన్నదనుకునేవారిని నేనెరుగుదును. నిజానికది నిజాము కొలువులోని ఆఫ్రికన్ అశ్వికభటుల పేరు మీద వెలసిన పేట. బొలారం వెళితే రిసాలా బజారు ఉన్నది. రిసాలా అన్నా గుర్రపు దండే.

ఈ పేర్ల వెంట నేను తిరగడానికి కారణం మా ముత్తాత. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన హైదరాబాదు లాన్సర్లతో సముద్రం దాటి వెళ్ళాడు. భువనగిరి తాలూకాలోని మా ఊళ్ళో ఇది అందరికీ తెలిసిన సంగతే. అయితే 2018లో, హైఫా సమరానికి నూరేళ్ళు నిండినప్పుడు, పత్రికలన్నీ ఆ పేరుతో మార్మోగాయి. ‘మనవాడు కూడా ఆ దేశానికే పోయాడు గదా!’ అన్నారు ఊరివాళ్ళు. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన హైఫా కోట మీదికి గుర్రం దూకించాడు. ఇటీవల చెరువుగట్టు మీద ఒక రాయి నిలపాలని చందాలు కూడా పోగయ్యాయి. రాతి మీద ఈటె పట్టిన రౌతు బొమ్మ, దాని కింద ‘హైఫా వీరుడు’ అన్న బిరుదు. తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనుక ఆ కింది నాలుగు పంక్తులూ రాసే పని నా మీద పడింది. రాతి మీద చెక్కే మాట నల్లబల్ల మీది మాటలా తుడిస్తే పోయేది కాదు. అందుకే కొంత వ్యవధి అడిగాను.

మా ఇంట్లో మిగిలిన ఆధారాలు రెండే. ఒకటి పతకం, రెండవది మడతలు చిరిగిన ఉర్దూ కాగితం. రెండూ మా మేనత్త దగ్గర ఉన్నాయి. ఆమె ముత్తాతకు మనుమరాలు. ఎనభై అయిదేళ్ళు దాటినా చూపు తగ్గలేదు. పతకం మీద ఒక పక్క అయిదవ జార్జి చక్రవర్తి తల, రెండవ పక్క దిగంబరంగా గుర్రమెక్కిన ఒక యోధుడు, 1914, 1918 అన్న అంకెలు. ‘గుర్రం మీద ఉన్నది మా తాతే’ అని అత్తయ్య చిన్నప్పుడు నమ్మేదట. ‘మరి బట్టలేవి?’ అని అడిగి అమ్మచేత మొట్టికాయ తిన్నదట!

అత్తయ్య ఏటా దసరాకు ఆ పతకాన్ని చెంబులతో పాటు చింతపండు వేసి తోముతుంది. వెండిని మన ఇళ్ళలో విభూతితో తుడుస్తారు. చింతపండు రాగికీ కంచుకీ గాని వెండికి కాదు. నాకు మొదటి అనుమానం అక్కడ కలిగింది. యుద్ధానంతరం బ్రిటిషువారు ఈ పతకాన్ని సిపాయిలకూ సవార్లకూ వెండితో పోసి ఇచ్చారు. అటువంటివి అరవై అయిదు లక్షల దాకా ఉన్నాయి. కూలి దళాలకూ, సైన్యం వెంట నడిచే పనివారికీ అదే పతకాన్ని కంచుతో ఇచ్చారు. అవి సుమారు 1,10,000. బొమ్మలో భేదం లేదు, లోహంలోనే ఉన్నది. పతకం అంచున భూతద్దం పెట్టి చూస్తే అరిగిన ఇంగ్లీషు అక్షరాలలో ఒక అంకె, ‘సైస్’ అన్న మాట, మా ముత్తాత పేరు, దళం పేరు కనిపించాయి. మా కళాశాలలోని ఉర్దూ అధ్యాపకులు కాగితం చదివి పెట్టారు. అందులోనూ ‘సాయీస్’ అనే ఉన్నది; 1916లో పయనమైనట్టు ఉన్నది. మా ముత్తాత రౌతు కాడు, గుర్రాలను సాకే సైసు.

ఇక హైఫా సంగతి. హైదరాబాదు, మైసూరు, జోధపూరు లాన్సర్లు 1918లో ఒకే బ్రిగేడులో ఉన్నారు. ఆ ఏడు సెప్టెంబరు 23న కార్మెల్ కొండ మీది ఫిరంగులకూ, కిషోన్ నది బురదకూ నడుమ గుర్రాలు దౌడు తీయించి హైఫా పట్టణాన్ని పట్టుకున్నది జోధపూరు, మైసూరు దళాలు. 1,350 మంది ఖైదీలు, 17 ఫిరంగులు, 11 మరతుపాకులు చిక్కాయి. మనవైపు ఎనిమిది మంది చనిపోయారు, 34 మంది గాయపడ్డారు. చనిపోయిన గుర్రాలు 60, గాయపడ్డవి 83. జోధపూరు మేజర్ దళపత్ సింగ్ నేలకొరిగింది అక్కడే. హైదరాబాదు దళానికి అంతకు ముందు పట్టుబడిన ఖైదీలను వెనక్కు చేర్చే పని అప్పగించడం వల్ల ఆ దాడిలో అది లేదు. అంటే మా ముత్తాత సైసు కావడమే కాదు, ఆయన దళం కూడా ఆనాడు హైఫాలో లేదు.

పరీక్ష పత్రాల పని మీద ఢిల్లీ వెళ్ళినప్పుడు తీన్ మూర్తి చూశాను. నెహ్రూ నివసించిన భవనం ఎదుట, బళ్ళ రద్దీ నడుమ, తెల్లని రాతి స్తంభం చుట్టూ మూడు కంచు విగ్రహాలు. లియొనార్డ్ జెన్నింగ్స్ అనే శిల్పి చేసిన ఈ స్మారకం 1922లో వెలసింది. మూడు సంస్థానాల ఆశ్వికులకూ ముగ్గురు ప్రతినిధులు. 2018లో ఈ కూడలికి తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టారు. నాకు వింతగా తోచినదేమంటే, ముగ్గురూ నేల మీద నిలబడే ఉన్నారు. గుర్రం ఒక్కటీ లేదు! గుర్రాలే లేనిచోట సైసుకు స్థలమెక్కడిది? ఆ యుద్ధానికి మన దేశం నుంచి చేర్చుకున్నవారిలో అయిదున్నర లక్షలకు పైగా ఆయుధం పట్టనివారే: సైసులు, కూలీలు, బిస్తీలు, వంటవాళ్ళు, ఒంటెలు తోలేవాళ్ళు. వారు లేనిదే ఏ రౌతూ జీను ఎక్కలేడు. ఎండ దేశంలో ఒక గుర్రానికి రోజుకు ముప్పై నలభై లీటర్ల నీళ్ళు కావాలి. సీనాయి ఎడారిలోనూ, పాలస్తీనాలోనూ ఆ నీళ్ళు తోడి మోసినవాడి చేతులు తెగిపోయినా, ఆ సంగతి విజయగాథలలో రాదు.

ఊరు వెళ్ళి అత్తయ్యకు చెప్పాను. పతకం చేతిలోకి తీసుకొని చాలాసేపు మాట్లాడలేదు. నాకు భయం వేసింది.

‘‘అయితే తాత గుర్రమెక్కలేదంటవా, అల్లుడా?’’ అన్నది చివరికి.

‘‘తోలుకుపోయేటప్పుడు ఎక్కి ఉంటాడు, అత్తయ్యా. కొట్లాటలో ఎక్కలేదు.’’

‘‘నాకు ఎన్నడు కొట్లాట ముచ్చట చెప్పలే. నీళ్ళ ముచ్చటే చెప్తుండె. గొడ్లు నీళ్ళు తాగందే బువ్వ ముట్టకపోతుండె. మా నాయిన తిట్టినా వినలే. కొట్లాట ముచ్చటలన్నీ ఆయన పోయినంక మావోళ్ళు కలిపినయే’’ అన్నది. మళ్ళీ కాసేపటికి, ‘‘రాయి మీద అబద్ధం వద్దు. దాన్ని తుడవనీకి నేనుండను’’ అన్నది.

చెరువుగట్టు మీద సభ అంత సులువుగా జరగలేదు. ‘సైసు అని రాస్తే పక్క ఊరివాళ్ళు నవ్వరా?’ అన్నాడొక పెద్దమనిషి. రౌతు బొమ్మ కోసం చందా ఇచ్చిన యువకుడు తన డబ్బు తనకిమ్మన్నాడు, ఇచ్చేశాము. లోటు పడిన సొమ్ము అత్తయ్య తన పింఛనులోంచి తీసి ఇచ్చింది. ఈటె, రౌతు తీసేసి గుర్రం బొమ్మ ఒక్కటీ ఉంచమని శిల్పికి చెప్పాము.

దాని కింద మా ముత్తాత పేరు, ఆపైన నేను రాసిచ్చిన మాటలు ఇవి: ‘‘హైదరాబాదు లాన్సర్ల దళంలో సైసు. 1916లో సముద్రం దాటి వెళ్ళి, యుద్ధం ముగిసేవరకు గుర్రాలకు మేత వేసి, నీళ్ళు పట్టాడు. తిరిగి వచ్చి ఈ ఊళ్ళో సేద్యం చేశాడు.’’