మా ఇంట్లో యూదుల పెళ్ళి

ఆడపిల్ల పెళ్ళంటే పందిరి వెయ్యడం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఎవరేం చెయ్యాలో మనకి పుట్టుకతోనే తెలిసినట్టు ఉంటుంది. తెలియనిదేమన్నా ఉంటే పురోహితుడు చెపుతాడు. ఆయన మరిచిపోతే ఇంట్లో ముసలివాళ్ళు గుర్తుచేస్తారు. కాని పురోహితుడు రాని పెళ్ళి, కాగితం చూసుకుంటూ మనంతట మనమే జరిపించుకోవలసిన పెళ్ళి, అందులోనూ యూదుల పెళ్ళి, ప్రత్తిపాడు పక్కన మా పల్లెటూళ్ళో చెయ్యవలసి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మా అమ్మాయి అమెరికాలో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరింది. ఒకనాడు ఫోనులో, "అమ్మా, నేనొక అబ్బాయిని చేసుకుందామనుకుంటున్నాను" అన్నది.

"తెలుగువాడేనా?" అన్నాను.

"కాదు."

"పోనీ, మన దేశం వాడేనా?"

"కాదమ్మా. యూదులబ్బాయి."

నేను కుర్చీలో కూలబడ్డాను. మావారు పేపరు దించకుండానే, "మోషే గారి తాలూకన్నమాట. పాత వంశమే" అన్నారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఏ వార్త విన్నా ముందు దాని వయస్సు కడతారు.

అమెరికాలోనే చేసుకోండర్రా అంటే వీలులేకపోయింది. మా అత్తగారికి ఎనభై ఎనిమిదేళ్ళు. ఆవిడ విమానం ఎక్కలేదు. ఆవిడ అక్షింతలు లేకుండా మా అమ్మాయి పెళ్ళిపీట ఎక్కనన్నది. అబ్బాయి తరఫునా ఒక నాయనమ్మ ఉన్నది. "ఎక్కడైనా చెయ్యండి, నేను వస్తాను. కాని మా తంతు కూడా జరగాలి" అన్నదిట ఆవిడ. ముసలివాళ్ళిద్దరూ కలిసి పెళ్ళిని మా ఊరికి లాక్కొచ్చారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, వాళ్ళ గురువుని రబ్బీ అంటారు. వేరే మతం పిల్లని చేసుకుంటే చాలామంది రబ్బీలు పెళ్ళి జరిపించరట. ఛాందసులైతే దాన్ని పెళ్ళిగానే ఒప్పుకోరట. అబ్బాయి వాళ్ళది ఉదారశాఖ. ఆ శాఖలో జరిపించే రబ్బీలు లేకపోలేదు గాని, గుంటూరు జిల్లా దాకా ఎవరొస్తారు? "తంతు తెలిసినవాళ్ళు చదివితే చాలు. మా నాన్నకు హీబ్రూ వచ్చు. మనమే చేసుకుందాం" అని మా అల్లుడు ధైర్యం చెప్పి, కావలసిన వాటి జాబితా రాసి పంపాడు. నాలుగు గడల మీద పందిరి. రాళ్ళు లేని ఉంగరం. ద్రాక్షారసం. 'కెతూబా' అనే పెళ్ళిపత్రం. దానికి చుట్టరికం లేని ఇద్దరు సాక్షులు. ఒక గాజుగ్లాసు. చివరిగా, పదిమంది యూదులు.

జాబితా చూసి నేను నవ్వుకున్నాను. పందిరీ ద్రాక్షపళ్ళూ సరే, మిరపకాయల దేశంలో పదిమంది యూదులనెక్కడ తెచ్చేది?

చట్టప్రకారం రిజిస్ట్రీ వేరే ఉన్నది. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వాలంటే, ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో ముప్పై రోజులు కాపురం ఉండాలి. ఇచ్చాక మరో ముప్పై రోజులు ఆగాలి. అందుకని మా అమ్మాయి రెండు నెలల ముందే వచ్చి, ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేసుకుంటూ పెళ్ళిపనులు అందుకున్నది.

ముందు ముహూర్తం దగ్గరే తగువొచ్చింది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా వాళ్ళకి విశ్రాంతి దినం. పెళ్ళి పనికిరాదు. మంగళవారం మహా శ్రేష్ఠమట! సృష్టి జరిగిన మూడోనాడు దేవుడు 'మంచిది' అని రెండుసార్లు అనుకున్నాడు గనుక. మంగళవారం పెళ్ళేమిటని మా వదిన, అంటే మా పెద్దాడబిడ్డ, చెవులు మూసుకున్నది. మా అత్తగారు మాత్రం, "వాళ్ళకి రోజు ఎప్పుడు మొదలవుతుందో అడగవే" అన్నది. అడిగాము. పొద్దు కుంకగానే వాళ్ళకి మరునాడు మొదలవుతుందట. "ఇంకేం? మనకి తెల్లవారితేగాని వారం మారదు. సోమవారం చీకటి పడ్డాక చెయ్యండి. మనకి సోమవారం, వాళ్ళకి మంగళవారం" అని తేల్చేసిందావిడ. లెక్కల మాష్టారు నోరు తెరిచి వాళ్ళమ్మని చూశారు. మాఘమాసంలో ఒక సోమవారం కుదిరింది. నక్షత్రాలు కనపడే వేళ వాళ్ళ తంతు, రాత్రి లగ్నానికి మనది.

ఉంగరం మేము చేయిస్తామన్నాము. మన పక్క అది మామగారి ముచ్చట కదా! అల్లుడు ఒప్పుకోలేదు. పెళ్ళికూతురి వేలికి తొడిగే ఉంగరం పెళ్ళికొడుకు సొంత సొమ్మై ఉండాలట. రాయీ రప్పా లేని సాదా ఉంగరమే ఉండాలట, దాని వెల విషయంలో పిల్ల మోసపోకూడదని.

ఆ పత్రం సంగతి వింటే మరీ ఆశ్చర్యం. కెతూబాలో పెళ్ళికొడుకే బాకీపడతాడు. పూర్వపు లెక్కలో కన్యకు 200 వెండి జూజులు. విడిచిపెట్టినా, తాను పోయినా, ఆ సొమ్ము ఆమెకి చెందాలని రాసి ఇస్తాడు. "ఎదురు రాసి ఇవ్వడమా!" అన్నారు మావారు. కట్నం కూడదని మనకి 1961లోనే చట్టం వచ్చింది. అయినా కుర్రవాడి చదువుని బట్టి ఎకరాల లెక్క చెప్పే ఇళ్ళు మా చుట్టూ ఎన్ని లేవు! వదిన పెద్దకొడుకు పెళ్ళిలో వాళ్ళెంత తీసుకున్నారో నాకు తెలుసు. నేను పళ్ళెం పట్టుకుని పక్కనే నిలుచున్నాను కూడా. పత్రంలో తెలుగు భాగం మావారే స్వదస్తూరీతో రాశారు. రాస్తున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

ద్రాక్షారసానికి ఉపాయం మా అమ్మాయి కనిపెట్టింది. బొంబాయి ప్రాంతంలో తరతరాలుగా ఉన్న బెనె ఇశ్రాయేలు యూదులు సారాయి దొరకనప్పుడు ఎండుద్రాక్ష నానబెట్టి పిండిన రసాన్నే ఆరాధనకు వాడేవారట. వాళ్ళ ఆడవాళ్ళు మంగళసూత్రం కూడా కట్టుకుంటారట. అది విన్నాక మా అత్తగారికి సగం బెంగ తీరింది. ఎండుద్రాక్ష రాత్రి నానేసి, తెల్లవారి నలిపి, గుడ్డలో వడకట్టాము.

ఇక పదిమంది. వాళ్ళ శాఖలో ఆడవాళ్ళనీ లెక్కపెడతారు కనుక, అబ్బాయి, తల్లీ తండ్రీ, చెల్లెలు, నాయనమ్మ, ఒక స్నేహితుడు, వెరసి ఆరుగురు. నలుగురు తక్కువ.

అప్పుడు మా అమ్మాయి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనేవారు 2013లో ఆంధ్ర యూదుల గురించి రాసినది. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు ఉన్నది కదా, చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు. ఆ మండలంలోనే కొత్తరెడ్డిపాలెంలో యూదుల ప్రార్థనా మందిరం ఉన్నది! 1991 నుంచీ ఉన్నది. వాళ్ళు తమని బెనె ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటారు. కొన్ని పదుల కుటుంబాలు. ఎక్కువమంది కూలినాలి చేసుకునేవారు. శనివారం పని మానుకుంటారు. హీబ్రూ నేర్చుకుంటారు. నేను ఆ దారిన లెక్కలేనన్నిసార్లు బస్సులో వెళ్ళాను. నాకు తెలియదు.

"మాదిగవారు కదూ వాళ్ళు?" అన్నది మా వదిన.

అవును. ఆ కుటుంబాలు మాదిగ కులంలోవి. అంతకుముందు క్రైస్తవంలో ఉన్నవారు.

మా అమ్మాయి వెళ్ళి పలకరించి వచ్చింది. మరునాడు అక్కడినుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. ఉతికిన తెల్లచొక్కా, తలమీద చిన్న టోపీ. ఇక్కడ నేను దాచకుండా ఒక సంగతి చెప్పాలి. మా ఇంట్లో అందరం స్టీలు గ్లాసుల్లో కాఫీ తాగుతాము. వంటింటి గూట్లో ఒక గాజుగ్లాసు విడిగా ఉంటుంది. ఎవరికోసమో మీకు చెప్పనక్కర్లేదు. నేను కావాలని చెయ్యలేదు. ఆలోచించనైనా లేదు. నా చెయ్యి దానంతటది ఆ గూటికి వెళ్ళింది. ట్రేలో మూడు స్టీలు గ్లాసులూ ఒక గాజుగ్లాసూ పెట్టుకొచ్చాను. మా అమ్మాయి ట్రే వంక చూసింది, నా మొహం వంక చూసింది, ఏమీ అనలేదు. ఆయనా చూశారు. "మంచి కాఫీ తల్లీ" అని తాగి, గ్లాసు తనే తీసుకెళ్ళి పెరట్లో కడిగి గోడమీద బోర్లించారు. ఎవరూ చెప్పకుండానే, అలవాటుగా.

వెళ్ళేముందు ఆయన అన్నారు: "మమ్మల్ని యూదులని ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. ఇశ్రాయేలు దేశమూ ఇంకా ఒప్పుకోలేదు. మీ వియ్యాలవారిని ముందే అడగండి. పిలిచి లెక్కలోంచి తీసేస్తే మా పిల్లలు చిన్నబోతారు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పెళ్ళికి మూడు రోజుల ముందు వియ్యాలవారు దిగారు. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎండబోసి ఉన్నవి. ఆ ఘాటుకి నాయనమ్మగారు తుమ్ముతూనే కారు దిగి, తుమ్ముతూనే మా అత్తగారిని కావలించుకున్నది. వాళ్ళకి మాంసమూ పాలూ ఒక భోజనంలో కలవకూడదు. మా వంట శాకాహారం కనుక ఆ బాధ లేదు. అయినా గోంగూర ఆకుల్లో పురుగుందేమోనని ఆవిడ ఒక్కొక్క ఆకూ ఎత్తి చూస్తుంటే, మా అత్తగారు మురిసిపోయి, "కోడలా, చూసి నేర్చుకో" అన్నది.

నేను మా అమ్మాయిచేత ఆవిడకి కొత్తరెడ్డిపాలెం సంగతి చెప్పించాను. వియ్యంకుడు కొంచెం తటపటాయించాడు. వాళ్ళని లెక్కలో చేర్చుకోవచ్చునో లేదో తెలియదన్నాడు. ఆవిడ విన్నది. "శుక్రవారం సాయంత్రం దీపం పెడతారా?" అని అడిగింది. పెడతారని చెప్పాము. "ఇంత దూరాన, ఎవరూ ఒప్పుకోకుండానే పెడుతున్నారా? వాళ్ళు లెక్కలోకి రాకపోతే నన్నూ లెక్కపెట్టకండి" అన్నది.

నాకు సిగ్గు వేసింది. ఆవిడ ఒప్పుకున్న మాట నేనింకా ఒప్పుకోలేదు. వదిన దగ్గరికి వెళ్ళి, "వాళ్ళు నలుగురూ మన పంక్తిలోనే కూర్చుంటారు వదినా" అన్నాను. "అయితే నా విస్తరి వెయ్యకు" అన్నదావిడ.

సోమవారం పొద్దు కుంకింది. మా వాకిట్లో నాలుగు సరుగుడు గడలకి వియ్యంకుడి ప్రార్థనా వస్త్రం కట్టాము. ఆ గడలు పాతకుండా నలుగురు మనుషులు పట్టుకున్నారు. ఒకటి అబ్బాయి స్నేహితుడు, ఒకటి మా తమ్ముడు, ఒకటి వదిన చిన్నకొడుకు. నాలుగోది కొత్తరెడ్డిపాలెం కుర్రవాడు. వదిన కొడుకు అతనివైపు జరిగి, "గాలికి ఊగుతోంది, నా గడకి ఆనించు" అన్నాడు. వదిన అరుగుమీద నుంచి చూస్తున్నది.

పెళ్ళికూతురు పెళ్ళికొడుకు చుట్టూ ఏడుసార్లు తిరిగింది. మనకి ఏడడుగులు, వాళ్ళకి ఏడు చుట్లు. కుడిచేతి చూపుడువేలికి ఉంగరం తొడిగాడు. పత్రం మీద పెద్దాయన ఒక సాక్షిగా తెలుగులోనూ హీబ్రూలోనూ సంతకం చేశారు. తరవాత ఏడు ఆశీర్వచనాలు. నాలుగోది ఆయనే చదివారు. హీబ్రూ అయితేనేం, అచ్చం మా గుంటూరు యాసే! నాయనమ్మగారు ఒకచేత్తో మా అత్తగారి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నది.

ఆఖరున గ్లాసు పగలగొట్టాలి. పెళ్ళిలో గాజు పగలడమేమిటని ముందునుంచీ గొణుగుడుగా ఉన్నది. ఎప్పుడో క్రీ.శ. 70లో కూలిపోయిన యెరూషలేము దేవాలయాన్ని సంతోషంలో కూడా మరిచిపోకూడదని అలా చేస్తారట. మా అత్తగారు, "మనం గుమ్మడికాయ పగలగొట్టమూ?" అని ఆ గొణుగుడు ఆపింది. "గ్లాసేదీ?" అన్నాడు వియ్యంకుడు. మావారు కొత్తది కొని తెచ్చారు. నేను దాన్ని పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్ళి గూట్లో గ్లాసు తీసి, గుడ్డలో చుట్టి తెచ్చి అల్లుడి పాదం దగ్గర పెట్టాను. మా అమ్మాయి గుర్తుపట్టింది. పెద్దాయన కూడా గుర్తుపట్టారనుకుంటాను.

ఒక్క తొక్కుతో పగిలింది. అందరూ "మజల్ తోవ్" అని అరిచారు. అంటే శుభమని.

అందరూ ఒకే పంక్తిలో పులిహోరా బూరెలూ తిన్నారు. వదిన తన మాట ప్రకారం తినలేదు. కాని తెల్లవారి నేను కాఫీలు కలుపుతుంటే వంటింట్లోకి వచ్చి నిలబడి, "ఆ చేబ్రోలు వాళ్ళు వెళ్ళేలోపల మావాడు వాళ్ళని మా ఇంటికి తీసుకొస్తానంటున్నాడు. నాలుగు గ్లాసులు ఎక్కువ పొయ్యి, పట్టుకెడతాను" అన్నది. ఏ గ్లాసులని అడగలేదు. స్టీలువే ఇచ్చాను.

గూట్లో ఇప్పుడా గాజుగ్లాసు లేదు. మరొకటి కొనలేదు.