బాసర వంతెన మీద బ్యాటరీ రైలు

ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మా విద్యార్థి సంపాదకులు పట్టుబట్టినప్పుడు, ఏ శాస్త్రవేత్త జీవితాన్నో నాలుగు పేజీలు వ్రాసి చేతులు దులుపుకొందామనుకొన్నాను. కాని భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకుడు ఆ శాస్త్రంలోనే ఎలా బోల్తాపడ్డాడో తెలిస్తే వారికి ఎక్కువ సంతోషం కలుగుతుందని తోచి, ఈ ముచ్చటకు దిగుతున్నాను.

మా అబ్బాజాన్ సికిందరాబాదు–మన్మాడు మీటరుగేజి మార్గంలో ఇంజను డ్రైవరు. వై.పి. తరగతి ఆవిరి ఇంజను నడిపి ఇంటికి వచ్చిన రోజున ఆయన బట్టలకు పట్టిన బొగ్గు వాసన, అమ్మీజాన్ రెండుసార్లు ఉతికినా పోయేది కాదు. ఆ మార్గం ఈనాడు బ్రాడ్‌గేజి, ఆయనా లేరు. మా భాయీజాన్ ఇంగ్లాండులోని లెస్టరు నగరంలో స్థిరపడి, ఉద్యోగ విరమణానంతరం ఇంటి వెనుక తోటలో ఒక చిన్న రైలుమార్గం వేసుకొన్నారు. పట్టాల నడుమ వెడల్పు 45 మిల్లీమీటర్లు. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గులో లేమన్ సంస్థ ఎల్.జి.బి. అనే పేరుతో ఈ వెడల్పు తోట రైళ్ళను ప్రవేశపెట్టింది. వాటి ప్రమాణం 22.5కు ఒకటి. ఒక మీటరును 22.5తో భాగించి చూడండి, 44 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. అందుచేత భాయీజాన్ దానిని "అబ్బాజాన్ గేజి" అనేవారు. తోటలోని చిన్న నీటి గుంట మీద రేకుతో ఒక వంతెన కట్టి, దానికి బాసర అని పేరు పెట్టుకొన్నారు.

2021 చివరలో ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణానికి ముప్పు తప్పింది గాని కుడిచేయి స్వాధీనం తప్పింది, నేలకు వంగలేరు. దానితో రైలూ ఆగిపోయింది. అది ఎందుకు ఆగాలో బయటివారికి తెలియదు. ఆ ఇంజనుకు కరెంటు పట్టాల నుండి చక్రాల ద్వారా అందుతుంది. అక్కడి తేమకు ఇత్తడి పట్టాలు నల్లబడతాయి; వాటిపై రాలిన ఆకుల జిగురు, రాత్రి ప్రాకిన నత్తల చారలు. ప్రతి ఉదయం మోకాళ్ళ మీద కూర్చొని పట్టాలన్నీ తుడిస్తే తప్ప బండి కదలదు. తుడవడానికి ఇతరులను అడగడం భాయీజాన్ స్వభావం కాదు. 2022 వేసవి సెలవులలో నేను వెళ్ళేసరికి ఇంజను హాలులోని అలమరాలో ఉన్నది, పట్టాల మీద గడ్డి మొలచి ఉన్నది.

కరెంటును పట్టాలలో కాక బండిలోనే పెడితే? ఆదేశాన్ని గాలిలో పంపితే? ఈ ఆలోచన క్రొత్తదేమీ కాదు. 1898లోనే న్యూయార్కులో టెస్లా ఒక చిన్న పడవను తీగలు లేకుండా నడిపించి జనాన్ని విభ్రాంతిలో ముంచినాడు. మనకు కలిసివచ్చినది లిథియం–అయాన్ ఘటం. అది 1991లో విపణికి వచ్చింది. దాని నిర్మాతలు ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి లభించింది. అటువంటి నాలుగు ఘటాలను శ్రేణిలో కలిపితే 14.8 వోల్టులు, నిండా చార్జి చేస్తే 16.8. అవి టెండరులో బొగ్గు ఉండవలసిన చోట చక్కగా ఇమిడాయి.

ముందుగా ఇంజను ఎంత కరెంటు త్రాగుతుందో కొలిచాను. కదలకుండా చేత పట్టి చక్రాలు జారేలా పూర్తి వోల్టేజి ఇస్తే 1.6 ఆంపియర్లు. దానికి 5 ఆంపియర్ల నియంత్రకం, బ్యాటరీని ఆనుకొని 3 ఆంపియర్ల ఫ్యూజు. మోటారు బ్రష్షుల వద్ద లేచే నిప్పురవ్వలు రేడియోకు అడ్డు తగలకుండా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు; అందులో నాల్గవ వంతు, అంటే 31 మిల్లీమీటర్ల తీగ, ఆంటెన్నాకు చాలు. ఇంజనులో ఇనుప బరువు చాటున అది చెవిటిదవుతుంది గనుక దానిని టెండరు ప్లాస్టిక్ గోడకు నిలువుగా అంటించాను. చేతి ట్రాన్స్‌మిటరు విషయంలో మాత్రం చాలాసేపు ఆలోచించాను. రెండు చేతులతో పట్టే పుల్లలది వద్దని, ఎడమ బొటనవ్రేలితో త్రిప్పగల ఒకే గుండ్రని మీటది తెప్పించాము.

నాలుగవ రోజు సాయంత్రం భాయీజాన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, భాభీజాన్, మనుమడు చూస్తూండగా ఇంజనును పట్టాల మీద పెట్టాను. చిటుక్కుమన్నది. సన్నని పొగ. ఆవిరి ఇంజను కాదు గదా!

తప్పు నాది. చక్రాల నుండి మోటారుకు పోయే పాత తీగలను నేను తెంచలేదు. స్టేషను దీపాలు పట్టాల నుండే వెలుగుతాయి గనుక మనుమడు పాత ట్రాన్స్‌ఫార్మరు మీట నొక్కి ఉంచాడు. ఆ కరెంటు చక్రాల మీదుగా ఎదురు వచ్చి నియంత్రకాన్ని కాల్చివేసింది. నా ఫ్యూజు బ్యాటరీ వాకిలిలో కాపలా కాస్తున్నది. దొంగ పెరటి దారిన వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా తరగతిలో సర్క్యూట్లు గీస్తున్నవాడిని! పిల్లవాడిని కసరబోయి నోరు మూసుకొన్నాను. భాయీజాన్ మాత్రం, "అబ్బాజాన్ బండి తీసేముందు ఇంజను క్రిందికి దూరి చూసేవారు" అని, కుర్చీని లోపలికి త్రిప్పమన్నారు. ఆ రాత్రి ఆయన భోజనం సగంలో లేచారు.

క్రొత్త నియంత్రకం రావడానికి వారం పట్టింది. నా సెలవు ఇక మూడు రోజులే మిగిలింది. ఈసారి పాత తీగలన్నీ తెంచి, చక్రాలకూ మోటారుకూ మధ్య మీటరు పెట్టి సంబంధమేమీ లేదని రెండుసార్లు చూసుకొన్నాను. చార్జింగు సాకెట్టుకు రెండు వైపుల మీట పెట్టాను: ఒక వైపు నడక, ఒక వైపు చార్జి.

బయటికి వెళ్ళేసరికి సన్నని తుంపర. పట్టాల మీద తడి ఆకులు, గడ్డిని మాత్రమే పీకించాము. భాయీజాన్ ఎడమ బొటనవ్రేలు కదిపారు. బండి కదిలింది; ఆకుల మీదుగా, ఏ తుడుపూ లేకుండా, గులాబీల వెనుకకు పోయి మళ్ళీ కనిపించింది. మూడవ చుట్టులో రేకు వంతెన దగ్గరికి రాగానే ఆయన వేగం బాగా తగ్గించారు. బ్యాటరీ అయిపోయిందా అని మనుమడు అడిగాడు.

"గోదావరి" అన్నారు భాయీజాన్.